పక్కింటివాడి స్పామ్‌కు మనకు వెలి

చిత్తూరు సీమలో నింద పడినవాడికి ఒక దారుంది. కాణిపాకం పోయి, కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తాడు. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నమ్మరు. తన మాట చెప్పుకున్నానన్న తృప్తి అయితే దక్కుతుంది. 'మా మెయిల్‌కు డజను బ్లాక్‌లిస్టుల కాపలా' అని ఇప్పుడు ప్రతి ఆఫీసూ మీసం మెలేస్తోంది కదా, స్పామ్ పంపే చిరునామాలని రాసిపెట్టిన ఆ లిస్టుల్లో పడ్డవాడికి ఆ భాగ్యం కూడా లేదు.

వినాయక చవితితో మొదలయ్యే 21 రోజుల బ్రహ్మోత్సవాలకు గది కావాలని ఒక బెంగళూరు భక్తుడు అడిగాడనుకుందాం. గుడి దగ్గరి లాడ్జి ఓనరు జవాబు పంపాడు. అర నిమిషంలో ఆ మెయిల్ తిరిగొచ్చింది. పైన '550', కింద ఒక ఐపీ నంబరు, 'ఈ చిరునామా ఫలానా లిస్టులో ఉన్నందున తిరస్కరించాం' అని ఒక ముక్క. ఆయన చేసిన నేరమల్లా లాటరీ మెయిళ్లు పంపిన ఎవడో సర్వరు తీసుకున్న కంపెనీ దగ్గరే తనూ సర్వరు అద్దెకు తీసుకోవడం.

అన్ని లిస్టులూ ఒక తానులో ముక్కలు కావు. స్టీవ్ లిన్‌ఫర్డ్ 1998లో మొదలుపెట్టిన స్పామ్‌హౌస్, పేరు తీసేయడానికి పైసా అడగదు. దాని మీద ఈ360 అనే అమెరికన్ కంపెనీ 2006లో 1.17 కోట్ల డాలర్ల తీర్పు తెచ్చుకుంది. స్పామ్‌హౌస్ వాదనకు నిలబడలేదు మరి. 2011 నాటికి అప్పీళ్లలో కరిగి కరిగి మిగిలింది 3 డాలర్లు. సంతోషం. విడుదలకు విరాళం అడిగిన సోర్బ్స్ అనే మరో లిస్టు 2024లో మూతపడింది. ఇంకా సంతోషం.

యూసీఈప్రొటెక్ట్ అనే లిస్టును మాత్రం ఊరికే వదలకూడదు. మొదటి మెట్టులో ఒక్క ఐపీని పెడతారు. స్పామ్ ఆగితే 7 రోజుల్లో దానంతటదే పోతుంది. బాగానే ఉంది. రెండో మెట్టులో చుట్టుపక్కల చిరునామాల గుంపంతా చేరుతుంది. మూడో మెట్టుకొచ్చేసరికి ఆ ప్రొవైడర్ నెట్‌వర్క్ మొత్తం! బీఎస్ఎన్ఎల్ నెట్‌వర్క్ నంబరు 9829. ఆ ఒక్క నంబరు మూడో మెట్టెక్కితే కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఆ నెట్‌వర్కులోని ప్రతి చిరునామా దొంగదే.

ఈ మెట్టు కరడుగట్టినవాళ్ల కోసమనీ, అమాయకులకూ దెబ్బ తగులుతుందనీ వాళ్లే రాసి పెట్టుకున్నారు. ఏం నిజాయితీ! తొందరగా బయటపడాలంటే ఫీజు కట్టే సదుపాయమూ ఉంది. శీఘ్రదర్శనం టికెట్టన్నమాట.

వెటకారం చాలు. ఒకడి తప్పుకు ఇంకొకణ్ణి శిక్షించి, విడిపించడానికి డబ్బడగడాన్ని ఏమంటారో చిత్తూరు బస్టాండులో ఎవర్నడిగినా చెబుతారు. లిస్టువాళ్లను నిలదీస్తే 'మేం అభిప్రాయం చెబుతాం, ఆపేది సర్వర్లవాళ్లు' అంటారు. సర్వర్లవాళ్లను అడిగితే 'లిస్టులో ఉంది సార్' అంటారు. ఇద్దరి చేతులూ శుభ్రం. పోయింది లాడ్జి ఓనరు బేరం.

స్పామ్ లేదని ఎవరూ అనడం లేదు. 2012 ఏప్రిల్‌లో సోఫోస్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ వేసిన లెక్కలో ప్రపంచానికి ఎక్కువ స్పామ్ పంపిన దేశం మనదే. అందులో చాలా భాగం ఓనర్లకే తెలియకుండా వైరస్ పట్టిన కంప్యూటర్ల నుంచి పోయింది. పట్టుకోవలసింది ఆ కంప్యూటర్లను. ఊళ్లకు ఊళ్లను కాదు.

తిరుపతి, చిత్తూరు ఆఫీసుల్లో మెయిల్ సర్వర్లు చూసే అన్నలారా, యూసీఈప్రొటెక్ట్ మూడో మెట్టును పీకేయండి. అనుమానముంటే మెయిల్‌ను స్పామ్ ఫోల్డర్లో పడేయండి, అందుకున్నవాడు చూసుకుంటాడు. సెట్టింగుల్లో ఒక్క వరుస చెరిపితే అయిపోయే పని ఇది.