ఒక జిర్కాన్ రేణువు ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్న ఈ జిర్కాన్ రేణువు పొడవు 0.4 మిల్లీమీటరు. వయసు 437.4 కోట్ల సంవత్సరాలు. దొరికిన చోటు పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ కొండలు. భూమి మీద పుట్టి నేటికీ మిగిలిన అతి పురాతన పదార్థాల్లో ఇదొకటి. పుట్టక ముందు జరిగిన సంగతులకు రేణువు సాక్షి కాదు, దాని ఒంట్లోని పరమాణువులు సాక్షులు. అందుకే ఈ ఆత్మకథ వాటితో మొదలవుతుంది.

విశ్వం సుమారు 1,380 కోట్ల ఏళ్ల క్రితం అత్యంత వేడిగా, సాంద్రంగా ఉన్న స్థితి నుంచి విస్తరించసాగింది. తొలి నిమిషాల్లో తయారైనవి హైడ్రోజన్, హీలియం కేంద్రకాలు, వాటితో రవ్వంత లిథియం. వీటితో జిర్కాన్ పుట్టదు. దానికి జిర్కోనియం, సిలికాన్, ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్, సిలికాన్ ఎక్కువగా భారీ నక్షత్రాల గర్భంలో తయారై, అవి పేలినప్పుడు బయటపడ్డాయి. జిర్కోనియం చాలావరకు వయసు మళ్లిన మధ్యరకం నక్షత్రాల్లో, కేంద్రకాలు నెమ్మదిగా న్యూట్రాన్లను పట్టుకోవడం వల్ల ఏర్పడింది. రేణువులో కొద్దిగా ఉన్న యురేనియం పుట్టుక ఇంకా ఉద్ధృతమైనది. న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రాన్ల వెల్లువలో అలాంటి బరువైన మూలకాలు తయారవుతాయి. ఇసుక రేణువంత శరీరంలో ఇన్ని నక్షత్రాల వారసత్వం ఉండడం నిజంగా అద్భుతం.

ఈ మూలకాలున్న వాయువు, ధూళి కలిసిన మేఘం ఒకటి కుంగిపోయి సూర్యుడైంది. సూర్యుడి చుట్టూ తిరిగిన పళ్లెంలో మొదట గట్టిపడిన కణాల వయసు 456.7 కోట్ల ఏళ్లు. 1969లో మెక్సికోలో పడిన అల్లెండే ఉల్కలో అలాంటి కణాలున్నాయి. ధూళి ముద్దలై, ముద్దలు గ్రహశకలాలై, అవి ఢీకొంటూ భూమి పెరిగింది. ఆ తాకిడి వేడికి కరిగిన ఇనుము బరువుకు లోపలికి దిగి కేంద్రభాగమైంది. తర్వాత అంగారకుడంత గోళమొకటి ఢీకొట్టగా ఎగిరిన శకలాల నుంచి చంద్రుడు ఏర్పడ్డాడని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అప్పటి భూమి పైభాగం కరిగిన రాతి సముద్రం. ఆనాటి రాయి ఏదీ మిగలలేదు.

పైపొర చల్లారాక, దానిలో కొంత మళ్లీ కరిగి గ్రానైట్‌ను పోలిన శిలాద్రవమైంది. ఈ రేణువు అందులోనే స్ఫటికమైంది. జిర్కాన్‌కు పుట్టుకతోనే ఒక గుణముంది: జిర్కోనియం స్థానంలో యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపల కనిపించే సీసమంతా, దాదాపుగా, అక్కడే యురేనియం క్షయించగా పుట్టినదే. యురేనియం-238 సగమవడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235 సగమవడానికి 70.4 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ రెండు క్షయాలూ రెండు గడియారాల్లాంటివి, రెండూ ఒకే కాలం చూపితే వయసు నమ్మదగినది.

భూమి తొలి 50 కోట్ల ఏళ్లకు గ్రీకుల పాతాళం పేరుతో హేడియన్ యుగమని పేరు. అప్పుడంతా నిప్పుల కొలిమే అనుకునేవారు. జాక్ హిల్స్ జిర్కాన్లు ఆ ఊహను కదిలించాయి. భూగర్భపు లోతుల్లోని శిలాద్రవం నుంచి నేరుగా పుట్టిన జిర్కాన్‌లో ఆక్సిజన్-18 అనే బరువైన ఆక్సిజన్ పాళ్లు ఇంచుమించు స్థిరంగా ఉంటాయి. ఇక్కడి కొన్ని రేణువుల్లో అవి ఎక్కువ. ఉపరితలం దగ్గర చల్లని నీరు తగిలి మారిన రాయి మళ్లీ కరిగితేనే ఆ పెరుగుదల సహజంగా అర్థమవుతుంది. 2001లో రెండు పరిశోధక బృందాలు ఈ ఫలితాలు ప్రకటించాయి. అంటే దాదాపు 430 కోట్ల ఏళ్ల క్రితమే భూమి మీద ద్రవరూపంలో నీరుంది. పాతాళం అన్న పేరు ఆ కాలానికి పూర్తిగా నప్పదు.

తల్లి శిల అరిగి మాయమైంది, రేణువు మిగిలింది. సుమారు 300 కోట్ల ఏళ్ల క్రితం ప్రవాహాలు దాన్ని గులకరాళ్లతో కలిపి పేర్చాయి, ఆ పేర్పు గట్టిపడి శిలైంది. శాస్త్రవేత్తలు ఆ రాయిని పిండిచేసి, బరువైన ద్రవాల్లో వేసి, మునిగినవాటి నుంచి జిర్కాన్లను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరారు. భీమునిపట్నం తీరపు నల్ల ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ పక్కన జిర్కాన్ చేరడానికి కారణమూ ఈ బరువే.

ఒక అనుమానం మిగిలింది: ఇంత కాలంలో సీసం లోపలే కదిలి, వయసును తప్పుగా చూపిస్తుందేమో? 2014లో ఈ రేణువులోని సీసం పరమాణువులను ఆటమ్ ప్రోబ్ యంత్రంతో ఒక్కొక్కటిగా లెక్కించారు. పూర్వం ఎప్పుడో వేడెక్కినప్పుడు అవి కదిలి, కొద్ది నానోమీటర్ల గుంపులుగా చేరాయి. అంతకు మించి పోలేదు. వయసు నిలిచింది.

లోపలి యురేనియం-235లో ఇప్పుడు నూటికి ఒక వంతు చిల్లర మిగిలింది. యురేనియం-238 మాత్రం సగానికి కాస్త పైనే ఉంది, ఇంకా సీసంగా మారుతూనే ఉంది.