మోటారు పద్యం – టీకా తాత్పర్యం

కర్మన్‌ఘాట్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ఈమధ్య ఒక ఆటవెలది వెలిసింది. కర్త మా కమిటీ సెక్రటరీ, రిటైరైన తెలుగు మాస్టారు. చదివినవాళ్ళంతా తలాడిస్తున్నారే గానీ మోటారు కట్టేసేవాడు లేడు. అర్థం కాకనేమో అని ఈ వ్యాఖ్య.

ట్యాంకు నిండెనేని టక్కున మోటారు
కట్టివేయు వాడె ఘనుడు గాదె
సంపు దాటి పొంగు జలమంత రోడ్డెక్కు
కమిటి మాట వినుడు ఘాటు గాక

టీక: ట్యాంకు నిండెనేని = మేడ మీది ట్యాంకు నిండినట్లయితే; టక్కున = సీరియల్ మంచి పట్టులో ఉన్నా సరే; మోటారు కట్టివేయు వాడె = స్విచ్చి ఆర్పేవాడే; ఘనుడు గాదె = గొప్పవాడు కదా; సంపు దాటి పొంగు జలమంత = సంపులోంచి పొర్లే నీళ్ళన్నీ; రోడ్డెక్కు = వీధిన పడును; కమిటి మాట వినుడు = మెయింటెనెన్స్ కట్టినవారూ కట్టనివారూ వినండి; ఘాటు గాక = వాట్సాప్ గ్రూపులో మాటలు ముదరకముందే.

పాఠాంతరం: మా వాచ్‌మన్ 'బందు జేయువాడె' అని చదువుతాడు. ఇక్కడి నోటికి అదే సహజం. కానీ బకారానికి ఘకారంతో యతి కుదరదు. మాస్టారు యతి కోసం వాచ్‌మన్‌ను వదులుకున్నారు.

శంక: నిండింది పైన ట్యాంకు. పొంగింది కింద సంపు. ఇదెలా? సమాధానం: కృష్ణా నీళ్ళు వదిలిన రోజు సంపులో బాల్‌వాల్వ్ పట్టేస్తే రెండూ పొంగుతాయి. ఆ నీళ్ళేమీ పక్కవీధివి కావు. నాగార్జునసాగర్ జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తి, అక్కంపల్లిలో నిలిపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నూరు కిలోమీటర్ల పైచిలుకు నడిపించి సాహెబ్‌నగర్ తెస్తారు. అంత దూరం వచ్చి మా గేటు ముందు మట్టిలో ఇంకుతాయి.

ఘనుడు: ఇక్కడ కవితో నాకు పేచీ. ఘనత మనిషికి అంటగట్టాడు. మనిషి మరిచిపోతాడు. పైగా 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. తలకు రోజుకు 135 లీటర్లన్న లెక్కన నలుగురికి నెలకు 16,200 చాలు. ఇంకా మిగిలేదాన్ని ఎవరు లెక్కపెడతారు? అందుకే నా మతంలో ఘనుడు నల్లా మూతికి బిగించే చిన్న జల్లెడ, ఎయిరేటర్. నీళ్ళలో గాలి కలిపి ధారను మెత్తగా, సన్నగా చేస్తుంది. వంటింటి నల్లా కింద లీటరు సీసా పెట్టి ఫోన్‌లో సెకన్లు చూశాను. మామూలుగా ఆరు సెకన్లలో నిండింది. జల్లెడ బిగించాక పదిహేను పట్టింది. అంటే నిమిషానికి పది లీటర్లు నాలుగయ్యాయి. గిన్నె మీద సబ్బు మాత్రం అంతే సులువుగా పోయింది.

"బిందె నిండేసరికి తెల్లారేట్టుంది" అంది మా ఆవిడ. ఆమె మాటా నిజమే. బకెట్టుకు, బిందెకు ఎంత పట్టేది అంతే పడుతుంది, ఆలస్యం తప్ప లాభం లేదు. జల్లెడ ఫలం ధార కింద కడుగుడుకే: గిన్నెలు, చేతులు, ముఖం. కాబట్టి బాత్రూంలో బకెట్టు నల్లా వదిలేసి, సింకుకీ వాష్‌బేసిన్‌కీ బిగించుకున్నాను. 2024 మార్చిలో నీటి కటకట వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి హోటళ్ళకూ అపార్ట్‌మెంట్లకూ ఇవే తప్పనిసరి అంది. ఆస్ట్రేలియాలో 2005 నుంచే నల్లాలకు స్టార్లు అంటిస్తున్నారు. అది గుర్తొచ్చి దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో అడిగితే, "స్టార్లు ఫ్రిజ్‌కుంటయి సార్, నల్లకెందుకుంటయి?" అన్నాడు. నిజానికి మన దేశంలోనూ 2021లో ఐఎస్ 17650 అనే ప్రమాణం వచ్చింది. అతని కౌంటరు దాకా రాలేదంతే.

అలంకారం: 'ఘాటు'లో శ్లేష. ధ్యానాంజనేయస్వామి గుడి మీదికి ఔరంగజేబు వస్తే 'కరో మన్ ఘట్' అన్న గర్జన వినిపించిందనీ, మనసు గట్టి చేసుకొమ్మన్న ఆ మాటే కర్మన్‌ఘాట్ అయిందనీ స్థలపురాణం. పాత ఫ్లష్‌ట్యాంకు గొలుసు లాగినప్పుడల్లా పది లీటర్లు పోతాయి, రెండు మీటల కొత్త రకం చిన్న పనికి మూడే వదులుతుంది. మార్చాలంటే మాత్రం అలాంటి గట్టి మనసే కావాలి, టైల్స్ పగలగొట్టాలి మరి. అంతదాకా సీసాలో ఇసుక నింపి ట్యాంకులో కూర్చోబెట్టాను.

ప్రక్షిప్తం: పద్యం కింద బాల్‌పెన్నుతో అయిదో పాదం ఒకటి ఉంది: 'ముందు సెక్రటరీ సార్ ఫ్లష్ లీకు బంద్ చేయించుండ్రి'. గణాలు లేవు, యతి లేదు, కాబట్టి ఎవరో చేర్చిందని కమిటీ తీర్మానించింది. వాచ్‌మన్ మాత్రం అసలు పద్యం అదేనంటాడు.