మా లిమిట్స్ కాదు

హైదరాబాద్‌లో నేరమూ శిక్షా అనే శాస్త్రానికి మూడు విద్యాపీఠాలున్నాయి. ఒకటి ఊరికి ఉత్తరాన శామీర్‌పేటలో నల్సార్. శిక్ష ఎందుకు, ఎంత, ఎవరు వెయ్యాలి అని అక్కడ 1998 నుంచీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. రెండోది దక్షిణాన శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీ. కాబోయే ఐపీఎస్‌లకు చట్టం నూరిపోసి పంపేది అక్కడే. అదే రోడ్డు పట్టుకుని ఇంకాస్త ముందుకు పోతే తొండుపల్లి టోల్‌గేటు. అక్కడి చాయ్ బండి మూడోది. ఎంట్రన్సు లేదు, సిలబస్ లేదు, గ్లాసు ఖాళీ అయ్యేలోగా తీర్పు. 2019 డిసెంబరులో మొదటి రెండింటినీ ఈ మూడోది చిత్తుగా ఓడించింది.

పండితుల గొడవ పాతదే. నేరాన్ని ఆపేది శిక్షలోని క్రూరత్వం కాదు, అది తప్పకుండా, త్వరగా పడుతుందన్న నమ్మకమే అని ఇటలీలో బెకారియా 1764లోనే రాశాడు. నేర న్యాయానికి రెండు నమూనాలున్నాయని అమెరికాలో హెర్బర్ట్ పాకర్ 1968 నాటి పుస్తకంలో వివరించాడు. ఒకటి ఫ్యాక్టరీ బెల్టు, నిందితుణ్ణి ఇటు ఎక్కిస్తే అటు ఖైదీగా దిగుతాడు. రెండోది అడుగడుగునా అడ్డంకులు పెట్టిన పరుగు, తప్పు చెయ్యని మనిషి బలి కాకూడదని. మనవాళ్లు మూడో నమూనా కనిపెట్టారు. బెల్టు లేదు, అడ్డంకుల్లేవు. బ్రిడ్జి ఒకటి ఉంటే చాలు.

2019 నవంబరు 27 రాత్రి. తర్వాత 'దిశ' అని మనం పిలుచుకున్న ఆ పశువైద్యురాలు టోల్‌గేటు దగ్గర కనిపించకుండా పోయింది. ఇంట్లోవాళ్లు పోలీసుల దగ్గరికి పరుగెత్తితే ఎదురైన ప్రశ్న, ఆ చోటు ఎవరి లిమిట్స్ అని. ఈ స్టేషనా, ఆ స్టేషనా? నేరం జరిగిందని చెబితే ఎఫ్‌ఐఆర్ రాయక తప్పదని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. పరిధి కాకపోతే జీరో ఎఫ్‌ఐఆర్ రాసి పంపే పద్ధతీ అప్పటికే ఉంది. ఆ రాత్రి అవేవీ ఎవరి లిమిట్స్‌లోకీ వచ్చినట్టు లేవు. తెల్లారాక షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి బ్రిడ్జి కింద కాలిన దేహం దొరికింది. కేసు రాయడంలో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

నలుగుర్ని పట్టుకున్నారు. డిసెంబరు 4న మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్ ట్రాక్ కోర్టు ఖరారైంది. 6న తెల్లవారుజామున ఆ నలుగురూ పోలీసుల కాల్పుల్లో చటాన్‌పల్లిలోనే శవాలయ్యారు. కోర్టు మిగిలింది, ముద్దాయిలు మిగల్లేదు. ఫాస్ట్ అంటే మరీ ఇంతా అని ఆ కోర్టే నివ్వెరపోయి ఉంటుంది. పోలీసుల మీద పూలు కురిశాయి, మిఠాయిలు పంచారు, టపాకాయలు పేలాయి. స్టేషన్ల చుట్టూ తిప్పిన రాత్రి ఆ పూలకింద పడి కనిపించకుండా పోయింది.

వారం తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు రావాలని దిశ బిల్లు పాస్ చేసింది. ఆ బిల్లు మాత్రం రాష్ట్రపతి ఆమోదం కోసం ఏళ్లు ఎదురుచూసినా చట్టం కాలేదు.

ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసి ఆరు నెలలు గడువిచ్చింది. నివేదిక 2022 జనవరిలో చేతికొచ్చింది. నిందితులు మట్టి చల్లారు, తుపాకులు లాక్కున్నారు అన్న పోలీసుల కథ నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలని తేల్చింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లనీ చెప్పింది. పదహారు దాటిన పిల్లల్ని పెద్దవాళ్లలా విచారించవచ్చా అని 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. తూటాకు ఆ బాధ లేదు, అది బోనఫైడ్ అడగదు.

మొన్న ఎయిర్‌పోర్టు నుంచి క్యాబ్‌లో వస్తున్నా. డ్రైవరు మూడో విద్యాపీఠం పట్టభద్రుడు. "లోపలేస్తే బిర్యానీ పెట్టి మేపుతరు సార్. అట్ల టక్కున ఏసెయ్యాలె." ఔటర్ ఎక్కామో లేదో ఫోను టింగుమంది. ఓవర్‌స్పీడు చలాన్. ఒక్కసారిగా మనిషి మారిపోయాడు. "గిదేం అన్యాయం సార్! ఫొటోల నంబరే సక్కగ కనవడ్తలేదు. ఆ దినం బండి మా తమ్ముని కాడ ఉండె. నన్ను అడగకుంట ఎట్లేస్తరు?"

శామీర్‌పేటలో ఏడాదంతా చెప్పే పాఠం అతను ఒక్క ముక్కలో చెప్పేశాడు. నన్ను అడగకుంట ఎట్లేస్తరు? వెయ్యి రూపాయల చిల్లరకు సాక్ష్యం కావాలి, వాదన వినాలి. నాలుగు ప్రాణాలకు అక్కర్లేదు.

అదే మాట పట్టుకుని పోలీసు అధికారులూ హైకోర్టు మెట్లెక్కారు, కమిషన్ మా వాదన పద్ధతిగా వినలేదని. వినాల్సిందే. ఆ ముక్కలో నేను వాళ్ల పక్షమే. అడగకుండా వెయ్యడం ఎవరి మీదైనా తప్పే అని ఇన్నాళ్లకు యూనిఫాం నోటినుంచే వచ్చింది. అడగడానికి ఆ నలుగురికీ నోరు మిగల్లేదు, అంతే తేడా.

"మరి ఆ అమ్మాయి సంగతేంది?" చాయ్ బండి దగ్గర ఈ ప్రశ్న పడితే వాదన ముగిసినట్టే. నిజానికి అక్కడే మొదలవ్వాలి. విచారణ జరిగి ఉంటే ఎవరు ఏ నేరం చేశారో సాక్ష్యంతో తేలేది. ఏ గంటకు ఎవరు ఏ స్టేషనుకు పొమ్మన్నారో కూడా బోనెక్కి చెప్పాల్సి వచ్చేది. తూటా ముద్దాయిల నోరే కాదు, ఆ ప్రశ్నల నోరూ మూసింది.

2024 జులై 1 నుంచి జీరో ఎఫ్‌ఐఆర్ చట్టంలోకే ఎక్కింది. ఇక పరిధి సాకు చెల్లదు. సంతోషం. ఇప్పుడు ఆమె కేసులో తీర్పేదని అడిగి చూడండి. కోర్టులో ముద్దాయిలు లేరు. పోలీసులకు అది ముగిసిన కథ. పూలు చల్లినవాళ్లు ఇంటికెళ్లిపోయారు. ఎవర్నడిగినా నవంబరు 27 రాత్రి వినిపించిన ఆ మాటే: మా లిమిట్స్ కాదు.