భక్తి ఏ స్కేల్లో?

చర్చి బ్యాండులో వాయించేవాడికి విశ్వాసం ఉండి తీరాలా అన్నది పాత తగాదా. ఫ్రెంచి స్వరకర్త ఫోరే 1866 నుంచి రెన్ నగరంలో చర్చి ఆర్గనిస్టు. ప్రసంగం మొదలైతే సిగరెట్టుకు బయటికి జారుకొనేవాడు. రాత్రంతా డాన్సు విందులో గడిపి, అవే దుస్తుల్లో పొద్దున్నే ఆరాధనకు వచ్చేసరికి 1870లో కొలువు ఊడింది. అనుమానం భక్తి మీద, వేటు బట్టల మీద! 1906లో వెలువడిన ఇంగ్లండు కీర్తనల పుస్తకానికి సంగీత సంపాదకుడైన వాన్ విలియమ్స్ కూడా దేవుణ్ణి నమ్మినవాడు కాడు.

మన దగ్గర వ్యవహారం ఇంకా తేలిక. చవితి పందిట్లో మోగిన కీబోర్డే క్రిస్మస్‌కు చర్చి వేదికెక్కుతుంది. ఇంటర్వ్యూలో ప్రశ్నలు రెండే: స్కేలు పట్టగలవా, రేటెంత? విశ్వాసం ఊసొచ్చేది బిల్లు దగ్గరే, అదీ డిస్కౌంటు కోసం.