ఖాళీని పరికరంతో పూరింపుము

విద్యాశాస్త్రంలో డాక్టరేటు కావలసినవారికి శుభవార్త. థీసిస్‌కు పేరు వెతుక్కునే శ్రమ లేదు: ‘ఎనిమిదో తరగతి విద్యార్థుల సామాన్యశాస్త్ర సాధనపై ------- ప్రభావం: ఒక అధ్యయనం’. ఆ గీత మీద ఒకప్పుడు రేడియో అని రాశాం. తర్వాత టీవీ, సీడీ, స్మార్ట్ బోర్డు, ట్యాబ్. ఈ ఏడు చాట్‌జీపీటీ అని రాసుకోండి. మిగతాదంతా పాతదే సరిపోతుంది.

పద్ధతీ తేలికే. ఒకే బడిలో ఏ సెక్షన్, బి సెక్షన్. ఏ సెక్షన్‌కు పరిశోధకుడే వచ్చి, రంగుల బొమ్మలతో, అదనపు పీరియడ్లు అడిగి తీసుకుని మరీ చెబుతాడు. బి సెక్షన్‌కు ‘సాంప్రదాయ బోధన’, అంటే ఓటర్ల జాబితా పనిమీద వెళ్లిన మాస్టారి ఖాళీ కుర్చీ. రెండు వారాలకు పోస్ట్‌టెస్ట్. ప్రశ్నపత్రం రాసేది ఆ పాఠాల ప్యాకేజీ తయారుచేసినాయనే, దిద్దేదీ ఆయనే. ఏ సెక్షన్‌కు నాలుగు మార్కులు ఎక్కువ వస్తాయి. టీ-టెస్టు చేస్తే 0.05 స్థాయిలో సార్థక భేదం! ఆ మార్కులు తెచ్చింది తెరా, అదనపు పీరియడా అని వైవాలో ఎవరూ అడగరు. టిఫిన్లు చల్లారిపోతాయి మరి.

మార్కులు పెరగకపోయినా బెంగ లేదు. ‘మీకు నచ్చిందా?’ అని అయిదు గళ్ల లైకర్ట్ స్కేలు పంచితే ‘పూర్తిగా అంగీకరిస్తాను’ దగ్గర టిక్కు పెట్టని పిల్లాడుండడు. లెక్కల పీరియడ్ తప్పించినవాళ్లకు ఆమాత్రం మర్యాద చేయడూ!

రిచర్డ్ క్లార్క్ అనే అమెరికా ఆచార్యుడు 1983లోనే ఈ సంబరం చెడగొట్టబోయాడు. సరుకులు మోసుకొచ్చిన లారీ వల్ల ఒంటికి బలం రానట్టే, పాఠం మోసుకొచ్చిన పరికరం వల్ల చదువు రాదన్నాడు. థామస్ రస్సెల్ 1999లో, చెప్పుకోదగ్గ తేడా లేదని తేలిన 355 అధ్యయనాలు పోగేసి పుస్తకమే వేశాడు. మనవాళ్లు విన్నారు. లారీ మోడల్ మార్చారు.

ప్రశ్న ఎలా వేయాలో చూపిన పరిశోధనలు మన గడ్డమీదే జరిగాయి. గుజరాత్‌లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త ఒకే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను రెండు రకాలుగా వాడించి చూశాడు. బడివేళలో పాఠానికి బదులు పెడితే పిల్లలు నష్టపోయారు, బడయ్యాక అదనంగా పెడితే వెనకబడ్డవాళ్లు పుంజుకున్నారు. ఢిల్లీలో 619 మంది మీద లాటరీ తీసి చేసిన, మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ బోధన సాఫ్ట్‌వేర్‌పై అధ్యయనం 2019లో అచ్చయింది. అందులో నాకు ముఖ్యమనిపించింది మార్కుల పెరుగుదల కాదు. పిల్లలు తమ తరగతికి ఎన్నో మెట్లు కింద ఉన్నారనీ, బడి పై మెట్టునుంచే పాఠం చెబుతోందనీ అది కొలిచి చూపింది. ఇలాంటివి చదివితే మన గీత మీద పరికరం పేరు తీసేసి పిల్లాడి ఇబ్బంది రాయాల్సొస్తుంది. దానికి వెళ్లి వాడి పక్కన కూర్చోవాలి. గైడుగారికి అంత తీరికేదీ?

ప్రభుత్వాలకూ తీరిక లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతివాళ్లకు బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలున్న ట్యాబ్‌లు లక్షల్లో పంచారు. అందరికీ ఒకేసారి ఇచ్చేస్తే ఇక పక్కన పెట్టి పోల్చడానికి సర్కారు బడి ఏది?

థీసిస్ చివర ‘తదుపరి పరిశోధనకు సూచనలు’ మరచిపోకండి. ఇదే అధ్యయనాన్ని మరో జిల్లాలో, తొమ్మిదో తరగతి మీద చేయవచ్చు. చేస్తున్నారు కూడా. గైడు ఒక్కరే.