స్థానభ్రష్టుని ఆత్మకథ

మట్టిలో పుట్టి, కొలిమిలో కాలి, తెల్లని పింగాణి దేహమును దాల్చిన ఫ్యూజును నేను. నా యందలి సన్నని తీగయే నా ప్రాణము. ప్రవాహము మితిమీరినపుడు ఆ తీగను కరగించుకొని, నేను చచ్చి యింటిని బ్రతికించుట నా కులధర్మము. ఇట్టి నేనే ఒక మేడకు శత్రువునైతిని.

విజయవాడలోని నాలుగంతస్తుల మేడ యది. 1970వ దశకమున, మెట్లక్రింది చీకటిగదిలో, పన్నెండు మీటర్ల వరుసకు మొదట, నన్నును నా మువ్వురు సోదరులను ఒక చెక్కబల్లపై బిగించిరి. ఎరుపు, పసుపు, నీలము అను మూడు ఫేజులు సోదరులకు దక్కెను. నల్లని న్యూట్రలు నాకు దక్కెను. న్యూట్రలుపై విడిగా ఫ్యూజు ఉండరాదని 1956వ సంవత్సరపు భారత విద్యుత్తు నియమములు నిషేధించియే యున్నను, తీగ తీగకును ఫ్యూజు పెట్టు పాత యలవాటును విడువలేని మేస్త్రి నన్నచ్చట నిలిపెను.

ఏండ్లు గడచెను. అద్దెవారు మారిరి, ఏసీలు వచ్చెను, రాగితీగకు అల్యూమినియము తీగను మెలివేసిన వారును వచ్చిరి. మీటర్లపై రంగుతో వ్రాసిన యంకెలు కొన్ని చెరిగెను, కొన్ని అబద్ధములాయెను. ఐదవ యింటి మీటరు ఎనిమిదవ యింటి ఫ్యానును త్రిప్పుచుండెను.

ఒక వేసవి రాత్రి, వదులైన బిగింపులో వేడెక్కి వేడెక్కి, నా తీగ కరగెను. ధర్మము నెరవేర్చితినని నేను తృప్తినొందునంతలో మేడలో హాహాకారము పుట్టెను. మూడు ఫేజుల భారము సమముగా లేనపుడు మిగిలిన ప్రవాహము మరలిపోవు త్రోవ న్యూట్రలు. అది తెగుటచే ఒక ఫేజు నందలి యిండ్లగుండా మరియొక ఫేజు నందలి యిండ్లకు విద్యుత్తు దారి చేసికొనెను. ఇంటికి 230 వోల్టులు రావలసియుండగా, ఫేజుల నడుమనున్న 400 వోల్టులు, పెద్దదిక్కు పోయిన యుమ్మడి కుటుంబపు ఆస్తివలె, అడ్డదిడ్డముగా పంపకమయ్యెను: వాడుక ఎక్కువైన యింటికి కొంచెము, తక్కువైన యింటికి అధికము. ఒకచోట దీపము మిణుకుమనెను. వేరొకచోట టీవీ పొగలు గ్రక్కెను. టెస్టరుతో చూచినవారందరును ఫేజులు మూడును సరిగానే యున్నవని చెప్పి వెడలిరి. నావంక ఎవరును చూడలేదు.

మరునాడు వచ్చిన యువకుడు మొదట అన్ని యిండ్ల మెయిన్లను ఆపించెను. పిమ్మట నాకు వీధివైపునను ఇంటివైపునను మీటరుపెట్టి కొలిచి, ఒకవైపు 230 చూపి రెండవవైపు తడబడుట గమనించి, నవ్వెను.

“మాస్టారూ, మూడూ బాగానే ఉన్నాయండీ. పోయింది నాలుగోది. అసలిది ఇక్కడ ఉండకూడదు.”

స్తంభముకడ సరఫరా నాపించి, నన్ను పెరికి, నా తావున తెగుట యెరుగని దళసరి రాగిపట్టీని బిగించెను. ఆపైన ఒక్కొక్క మెయినునే వేయుచు, ఏ దీపము వెలిగెనో మేడపైనుండి కేకవేయించుకొని, ప్రతి మీటరుపైనను సరియైన యంకె వ్రాసెను.

నన్ను పారవేయునని తలచితిని. కాని తుడిచి, కొత్త తీగ చుట్టి, మెట్లదీపముల ఫేజుపై నిలిపెను. మొన్న వానకు ఒక హోల్డరు తడియగా నేను మరల తెగితిని. మెట్లు చీకటియైనవి, ఒక్క యింటిలోను ఒక్క వస్తువును కాలలేదు. ఆ యువకుడు వచ్చి, ఎవరిని ఏమియు అడుగక, తిన్నగా నాకడకే నడచెను.