శేషుని తల ఏ దిక్కున?

మా సీమలో ఇల్లు కట్టదలచిన గృహస్థుడు ముందుగా సిద్ధాంతిని పిలిపించి, ఆ మాసమున భూగర్భమందు శేషుడు తల ఏ దిక్కున నుంచి శయనించియున్నాడో, శంకువు ఎచ్చట పాతిన ఆయన శిరస్సునకు తగులకుండునో విచారించి, ఈశాన్యమున జానెడు పెంచి, నైరృతిన బెత్తెడు తగ్గించి, దక్షిణ సమర్పించి గుండె నిబ్బరము చేసికొనును. అంతటి మహాసర్పము పవళించుటకు క్రింద ఎంత గది యున్నదో మాత్రము అడుగడు.

గది యున్నదని తెలియక కాదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ దొరగారు గుర్తించినవియు, 1982, 83లలో డేనియల్ గెబావర్ అను జర్మను దేశస్థుని బృందము లోనికి దూరి కొలిచినవియు అగు కొలిమిగుండ్ల దాపుననున్న బెలుం గుహలలోనికి సకుటుంబముగా టిక్కెట్టు కొని దిగి, 3,229 మీటర్ల నిడివిగల ఆ శూన్యమును గూర్చి విని నోరు తెఱచి, పాతాళగంగలో చేయి తడిపికొని వచ్చినవాడే, మరునాడు అదే జాతి రాతిపై మూడంతస్తులకు ముహూర్తము పెట్టించును. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని లక్షల యేండ్లుగా కరగించుచున్నది. మన పెద్దలు ఆ వాయువునకు పులుసని పేరిడుట ఊరక పోలేదు, చింతపులుసునకు రాగిచెంబు లొంగినట్లే దీనికి కొండలు లొంగినవి.

2015 చివర వానలకు కడప చెంత చింతకొమ్మదిన్నె మండలమున నేల గుండ్రముగా, బావులు త్రవ్వినట్లు క్రుంగినది. కరవు యేండ్లలో బోర్లు నీటిని తోడివేయగా, లోపలి గుహల కప్పులకు ఆ నీరిచ్చు ఊతము పోయినది. పిమ్మట వానకు తడిసి బరువెక్కిన మన్ను ఆ డొల్లలోనికి దిగినది. మా వీథి అరుగుమీద మాత్రము ఇది కలియుగాంత సూచన యని తేల్చివేసిరి, అందువలన ఎవ్వరును పునాది మార్చుకొనవలసిన పని లేకపోయినది.

మా పొరుగాయన యింటికి వచ్చిన ఇంజనీరు కుఱ్ఱవాడు, ప్రతి స్తంభము క్రింద చిన్న బోరు దింపి, రాడ్డు చటుక్కున జారినచోట డొల్ల యున్నదని గుర్తెఱిగి, దానిని సిమెంటు పాలతో నింపియో, దాటి గట్టిరాతిలోనికి పైలు దింపియో కట్టవలెనని విన్నవించెను. నీటికై ఆరువందల అడుగుల బోర్లు మూడు వేయించి మూడును ఎండగా చూచిన ఆ యజమాని, “బోరేసి నీళ్లు పడకపోతే దుడ్లు దండగ గదా సార్” అనెను.

ఆ బోర్లు లేకయే పైలుకు కాంక్రీటు పోయు నాడు నేనును చూడబోతిని. మూడవ గుంత లెక్కకట్టిన కాంక్రీటు మ్రింగినది; మఱియొక లారీ మ్రింగినది; అయినను అంచు కనబడలేదు. మేస్త్రి తలపాగ తీసి నుదురు తుడుచుకొనెను. యజమాని ఇంజనీరును గాక సిద్ధాంతికి ఫోను చేయగా, ఆయన పంచాంగము త్రిప్పి ప్రశాంతముగా సెలవిచ్చెను: “ఏమీ లేదప్పా, శేషుడు పక్కకు ఒత్తిగిలినాడు. ఇంకో లారీ తెప్పించు.”